పదకొండో జియోఫోన్

జ్ఞానాపురం, రైలుకట్ట పక్క సందు.
అప్పలకొండ సమ్మెట ఎత్తాడు.
ఇనప పలక మీద ఒక్క దెబ్బ.
చూరు కింది పావురాలు లేచాయి.
కుక్క లేచి, నన్ను చూసి, మళ్ళీ పడుకుంది.
నేల లోపలికి దిగిన దెబ్బ మాత్రం
మీటరుకో చెవి చొప్పున, సందులోంచి పెరటి దాకా
నేను పాతిన ఇరవైనాలుగు జియోఫోన్ల దగ్గర
వరసగా తలుపు తట్టుకుంటూ పోయింది.

"ఏటమ్మా, నేలకి నాడి సూస్తన్నావా?"
గుమ్మంలో నూకరత్నం.
ఆవిడ గోడకి నిలువునా ఒక బీట.
రాత్రి రెండింటికి ఖనిజం వ్యాగన్లు హార్బరుకి పోతుంటే
ముందు బిందెలో నీళ్ళు, తర్వాత మంచం కోడు,
ఆ తర్వాతే చప్పుడట.
"నిండు పెట్టెలైతే ఒకలాగ, కాళీవైతే మరోలాగ ఒనుకుతాది."
ఈ మాట కొలతల పుస్తకంలో రాసుకోలేదు.
అందులో దానికి గడి లేదు.

రాత్రి సీతమ్మధారలో, అద్దెగదిలో,
నేలని గళ్ళు గళ్ళుగా కోశాను.
పైన రెండు మీటర్లు పూడిక మట్టి,
కింద ఉప్పుటేరు వదిలేసి పోయిన నల్ల బంక,
ఇంకా కింద, కొండ తన వేలు చాపినట్టు రాయి.
అల పొడుగులో పది గళ్ళయినా ఉండాలి.
లేకపోతే లెక్కకి అల చిక్కదు,
పెద్ద కన్నుల వలలోంచి నెత్తళ్ళు జారిపోయినట్టు.

మొదటిసారి కాలం అడుగు పెద్దదైంది.
అర సెకనులో జ్ఞానాపురం ఆకాశానికి లేచిపోయింది.
తెర నిండా అంకె కాని అంకెలు.
అడుగు సగం చేశాను. సగంలో సగం.
గడి దాటేలోగా అలని చూడాలి, మళ్ళీ చూడాలి,
చంటిపిల్ల వెనక తిరిగినట్టు.

తర్వాత అంచు.
భూమికి లేనిది, నా భూమికి ఉన్నది.
నలభై మీటర్ల దగ్గర నేల ఆగిపోతుంది.
వెళ్ళిన అల అక్కడ గుద్దుకుని వెనక్కి తిరిగి
ఊగిన ఇంటినే మళ్ళీ ఊపుతుంది,
రాని రైలు ఒకటి వచ్చినట్టు.
అంచు పొడుగునా డాష్‌పాట్లు కట్టాను,
"పోవమ్మా, ఇటు ఇంకా నేలుంది" అని
అలకి అబద్ధం చెప్పడానికి.
ఆర్కే బీచిలో ఇసక
ఈ పని జీతం లేకుండా చేస్తోంది.

తెల్లారేసరికి ఇరవైమూడు గీతలు
కొలత మీద లెక్క కూర్చున్నాయి.
పదకొండోది, పెరట్లో వంటింటి మూలది,
నా లెక్కకి రెండింతలు ఊగింది.
తీగ మార్చాను. జియోఫోన్ మార్చాను.
అప్పలకొండ చేత ఇంకో నలభై దెబ్బలు కొట్టించాను.
పది దెబ్బలకో టీ, టీకో తిట్టు.
అదే ఊపు.

"ఆడ నుయ్యుండీదమ్మా,"
అంది నూకరత్నం, చేపలు తోముతూ.
"మా మావ పూడ్సీసినాడు.
బూడిద, పెంకులు, ఇరిగిపోయిన పడవ సెక్కలు.
నాకు పెళ్ళయిన ఏడు.
మా ఆడబిడ్డ అందల పడిపోనాదని."
పొలుసు తీసే చెయ్యి ఆగలేదు.

పాతిన జియోఫోన్‌ని పీకబోయి
అలాగే కూచుండిపోయాను.

ఆ రాత్రి మీటరున్నర వెడల్పు, తొమ్మిది మీటర్ల లోతు,
మెత్తటి గళ్ళ నిలువు ఒకటి నేలలోకి దించాను.
బూడిదకి ఇంత, పెంకులకి ఇంత,
చెక్కలు కుళ్ళిన ఖాళీకి ఇంత, అని ఊహించి.
మిగిలినదానికి నా దగ్గర విలువ లేదు.
గీత మీద గీత పడింది.

రిపోర్టులో ఒక వరస ఉంటుంది: సమాచారానికి ఆధారం.
బోరు, ప్రయోగశాల, గ్రంథాలు.
కింద రాశాను:
నూకరత్నం, డెబ్బై ఒకటి, నోటిమాట.
మా సార్ దాన్ని ఎర్రసిరాతో చుట్టి
పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు.
నేను కొట్టెయ్యలేదు, ఆయనా కొట్టెయ్యలేదు.

రాత్రి రెండయింది.
సీతమ్మధారలో నా గది కింద రాయి,
ఇక్కడికి ఏ అలా రాదు.
మంచం పక్క గ్లాసులో నీళ్ళు కదల్లేదు.
లేచి లైటు వేసి
కాసేపు దాన్నే చూశాను.